తోడల్లుడి భుజం మీద స్టార్

మధ్యాహ్నం రెండు గంటలకి ట్రక్కు ఆగింది. టార్పాలిన్ ఎత్తి చూస్తే ఇసుక. రెండో పక్క ఎత్తి చూశాను. అక్కడా ఇసుకే. డ్రైవరు దిగి టైరుని ఒక తన్ను తన్ని, "దిగండి, ఊరొచ్చింది" అన్నాడు హిందీలో. ఊరేమీ లేదు. ఒక ముళ్ళచెట్టు, దాని పక్కన మాకంటే ముందు వచ్చినవాళ్ళు తవ్విన నాలుగు గోతులు, ఒక నీళ్ళ ట్యాంకరు. ఆ నాలుగు గోతుల్లో ఒకటి నా ఇల్లు.

రెండువేల రెండో సంవత్సరం, జనవరి నెల. రాజస్థాన్ సరిహద్దు. యుద్ధం ఇవాళో రేపో అని దేశమంతా టీవీల ముందు కూర్చున్న రోజులు. అనకాపల్లిలో ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు, అక్కడ ఎంతమందిని కాల్చావని. ఒక్కరినీ కాల్చలేదు. మాది సిగ్నల్స్. తుపాకి ఉంటుంది గానీ మా అసలు ఆయుధం కటింగ్ ప్లయరు. వెనకున్న బ్రిగేడ్ నుంచి ముందున్న పోస్టులదాకా ఫోను వైరు వెయ్యాలి, తెగితే అతకాలి. నేను లైన్ సెక్షన్ హవల్దారుని.

సామాను దించకముందే మేజర్ సాబ్ ఆర్డరు ఇచ్చాడు. "చీకటి పడేలోగా లైన్ మాట్లాడాలి." వీపుకి కేబుల్ డ్రమ్ము, నడుముకి ప్లయరు, జేబులో టేపు, భుజానికి టెస్టు ఫోను. అటు చివరి నుంచి ఇంకో సెక్షన్ వైరు లాక్కుంటూ వస్తోంది. ఇసుకలో నడక అంటే ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. పొద్దు వాలేటప్పటికి రెండు వైర్లూ కలిశాయి. అతుకు వేశాను. ఫోను తగిలించి హ్యాండిల్ తిప్పాను.

"ముందు పోస్టు, ముందు పోస్టు. వినిపిస్తోందా?"

"ఇనిపిత్తంది. మనత్త గొంతులాగ కంగుమంటంది అన్నయ్యా."

లైన్ మీద తెలుగు మాట్లాడకూడదని ఆర్డరు. మేమిద్దరం మాట్లాడేవాళ్ళం. అవతలి గొంతు రత్నానిది. వాడూ హవల్దారే, రెండో సెక్షన్ వాడిది.

రత్నం నా తోడల్లుడు. ఆ సంబంధం తెచ్చింది నేనే. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరిమీదా ఏడవడానికి నాకు వీల్లేదు. సబ్బవరం వైపు నుంచి వచ్చిన కుర్రాడు. యూనిట్లో కొత్తగా చేరినప్పుడు నా చేతి కిందే వేశారు. వైరుకి తోలు ఒలవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. మాట నెమ్మది, పని శుభ్రం, ఆదివారం ప్రార్థన తప్పేవాడు కాదు. మా ఆవిడ సరోజకి కరుణ అని ఒక చెల్లెలు ఉంది. సెలవుకి వెళ్ళినప్పుడు మామతో వీడి సంగతి కదిపాను. మా మామ అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీ. దిమ్మలు మోసి మోసి భుజం కాయ కాసిన మనిషి. ఒక్కటే ప్రశ్న వేశాడు.

"ఏటి సేత్తాడు బాబూ కుర్రాడు?"

"నా కింద పని సేత్తాడు మావా."

"నీ కింద అయితే ఇంకేటి సూసుకోవాల. కానిచ్చెయ్."

ఆ "నీ కింద" అన్న మాట నాకు బెల్లం ముక్కలాగే ఉండింది. చాలా ఏళ్ళు చప్పరించాను.

మా అత్తింట్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుంటారు. గోడ వైపు మొదటి పీట పెద్దల్లుడిది. పెద్దల్లుడు కూర్చున్నాకే చిన్నల్లుడు కూర్చోవాలి, అందరూ కూర్చున్నాకే మామ ప్రార్థన చేస్తాడు, ప్రార్థన అయ్యాకే ఎవరైనా ముద్ద ముట్టాలి. అంటే నేను పీట మీద వాలేదాకా ఆ ఇంట్లో అన్నం చల్లారుతూనే ఉంటుందన్నమాట. మా సొంత ఊరు కె. కోటపాడు దగ్గర. అక్కడ మేము అయిదుగురు అన్నదమ్ములం, నేను నాలుగోవాణ్ణి. అక్కడ నా కోసం అన్నం ఎప్పుడూ ఆగలేదు. అందుకే ఈ పీట అంటే నాకు అంత ఇష్టం.

ఇక స్టార్ సంగతి. హవల్దారుకి భుజం కింద మూడు పట్టీలు. ఆ పైన నాయబ్ సుబేదారు, భుజం మీద స్టార్. మధ్యలో ఒక్క మెట్టే గానీ ఆ మెట్టు చాలా ఎత్తు. హవల్దారుని పేరు పెట్టి పిలుస్తారు. స్టార్ పడినవాణ్ణి "సాబ్" అంటారు. హవల్దారుగానే సర్వీసు నిండితే ఇంటికి పంపేస్తారు. స్టార్ పడితే ఇంకొన్నేళ్ళు ఉండొచ్చు. నాకు సర్వీసు ఇంక ఏడాది చిల్లర మిగిలింది. యూనిట్లో ఆ సంవత్సరం ఖాళీ ఒకటే. నేనూ ప్రమోషన్ కోర్సు పాసయ్యాను, రత్నమూ పాసయ్యాడు. సీనియారిటీలో నేను ముందు. నాకు అడ్డం ఏమీ లేదు, వార్షిక రిపోర్టు ఒక్కటి తప్ప. అంతకు ముందు రెండేళ్ళవీ అంతంత మాత్రం. ఈసారిది గట్టిగా రావాలి. వస్తే స్టార్. రాకపోతే అనకాపల్లి స్టేషన్లో హవల్దారు దాసు దిగుతాడు, అంతే.

ఇది ఇంటికి చెప్పడం నా బుద్ధి తక్కువ. మా అత్త దాన్ని చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థనకి పెట్టేసింది. పెద్దల్లుడికి స్టార్ రావాలని సంఘమంతా మోకాళ్ళ మీద ఉంది.

యుద్ధం రాలేదు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. చలికి రెండు కంబళ్ళు కప్పుకున్నవాళ్ళం ఏప్రిల్‌కి బనియను కూడా విప్పేశాం. పొద్దున్న పది దాటితే ప్లయరు ముట్టుకుంటే చురుక్కుమనేది. నీళ్ళు మనిషికి ఇంతని కొలిచి ఇచ్చేవారు. తాగాలా, గడ్డం గీసుకోవాలా అని రోజూ తేల్చుకోవాలి. మామ పంపించిన బెల్లం దిమ్మ ట్రంకు పెట్టెలోనే కరిగి నా మంచి యూనిఫారం మీద పాకమైంది. కుర్రాళ్ళు చొక్కా జేబులోంచి రొట్టెతో తుడుచుకుని తిన్నారు.

మాకు శత్రువు అవతల దేశం వాడు కాదు. ఇసుక దిబ్బ. ఇవాళ ఇక్కడున్న దిబ్బ వారం తిరిగేసరికి పక్కకి జరిగి మా వైరు మీద కూర్చునేది. తవ్వి తీస్తే ఎలకలు కొరికేసి ఉండేవి. ఒంటెలు కాలికి చుట్టుకుని లాక్కుపోయేవి. లైన్ తెగితే ఎక్స్ఛేంజి నుంచి కేక వచ్చేది, "దాసూ, మూడో పోస్టు చచ్చిపోయింది!" నేను లేచేవాణ్ణి. నా కుర్రాళ్ళు లేవబోతే, "మీరు కూర్చోండి, మీరు చేసేలోగా యుద్ధం అయిపోతుంది" అనేవాణ్ణి. వైరు పట్టుకుని నడుచుకుంటూ పోతే వేళ్ళకే తెలిసిపోయేది తెగిన చోటు ఎంత దూరమో. పది నిమిషాల్లో అతుకు. నా అతుకు పక్కన లాగితే వైరు తెగుతుంది గానీ అతుకు ఊడదు.

రత్నం పద్ధతి వేరు. లైన్ తెగితే సెక్షన్ మొత్తాన్ని వెంటేసుకుని వెళ్ళేవాడు. ముళ్ళచెట్టు నీడలో తను కూర్చునేవాడు, కుర్రాళ్ళ చేత అతుకు వేయించేవాడు. బాగా రాకపోతే విప్పించి మళ్ళీ కట్టించేవాడు. మధ్యలో కబుర్లు. నేనయితే ఆ టైముకి మూడు అతుకులు వేసి టీ తాగేవాణ్ణి. చూసి నవ్వుకునేవాణ్ణి. ఒకసారి లైన్ మీదే అన్నాను.

"ఏరా, హవల్దారువా, ట్యూషను మేష్టారువా?"

"రెండూని అన్నయ్యా. ఎండ ఎక్కువుంది, నీడలో సదువు సెప్తన్నాను."

మే నెలలో నాకు ఎండదెబ్బ తగిలింది. స్ట్రెచర్ మీద ఫీల్డ్ హాస్పిటల్‌కి తీసుకుపోయారు. వారం ఉన్నాను. ఆ వారంలోనే పెద్ద ఇసుక తుపాను వచ్చింది. నా లైన్ రెండు చోట్ల తెగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూగపోయింది. నా కుర్రాళ్ళు వైరు పట్టుకుని దిక్కులు చూశారు. చివరికి రత్నం కుర్రాళ్ళే వచ్చి అతికారు, రత్నం వెంట రానక్కర్లేకపోయింది. ఈ సంగతి నాకు మంచం మీద ఉండగా ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు మేజర్ సాబ్.

జూన్‌లో టెంటులోకి పిలిచాడు. కిటికీకి తడిపిన గోనెసంచి కట్టి ఉంది. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా దురదృష్టం. చెడ్డవాడైతే తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. రిపోర్టు నా వైపు తిప్పి, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. గ్రేడు దగ్గర "హై యావరేజ్" అని ఉంది. వినడానికి బావుంటుంది. హై అంటే ఎత్తు కదా అనుకుంటారు బయటివాళ్ళు. మా లెక్కలో అది గట్టెక్కిన మార్కు, క్లాసులో వెనక బెంచీ మార్కు. దాంతో స్టార్ రాదు. కింద ఆయన చేత్తో రెండు వాక్యాలు. మంచి పనివాడు, కష్టజీవి. పనిని కిందివాళ్ళకు వదలడు.

"సాబ్, నా లైన్ ఎప్పుడైనా ఆగిందా?" అన్నాను.

"నువ్వు ఉన్నప్పుడు ఆగలేదు."

మే నెల తుపాను సంగతి అప్పుడు చెప్పాడు.

"నిన్ను సాబ్‌ని చేస్తే నలభైమందిని చూడాలి దాసూ. నలభైమంది అతుకులూ నువ్వే వేస్తావా? అభ్యంతరం ఉంటే పైకి రాసుకో. నేను ఆపను, కోపం కూడా పెట్టుకోను."

పైకి ఏం రాయను? లైన్ ఆగలేదని రాయాలి. ఆగింది. సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే నా వెనక లోపలికి వెళ్ళడానికి రత్నం నిలబడి ఉన్నాడు. కాసేపటికి బయటికొచ్చాడు. మొహం మామూలుగా పెట్టుకోవడానికి తెగ కష్టపడుతున్నాడు. ఇక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రం టీ దగ్గర హెడ్ క్లర్కు, ఒరిస్సా మనిషి, "మీ తోడల్లుడికి చాలా బాగా వచ్చింది, మీకు సంతోషమే కదా" అన్నాడు. సంతోషమే అన్నాను. టీలో ఇసుక ఉందని గ్లాసు పారబోశాను. రోజూ ఉండేదే ఇసుక.

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చెవులకి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. నాకు కడుపు మండింది. మండటం అంటే మాట వరసకి కాదు, రొట్టె దిగేది కాదు. నేర్పింది నేను. పిల్లనిప్పించింది నేను. ఏకు మేకై నా పీట మీదే కూర్చోబోతోంది. వాడి లైన్ వెంట నడిచి అతుకులన్నీ చూశాను, ఎక్కడైనా వదులు దొరుకుతుందేమోనని. ఒక్కటీ దొరకలేదు. అన్నీ నేను కట్టినట్టే ఉన్నాయి. అచ్చం నా ముడి, నా టేపు చుట్టు, చివర నేను తిప్పే ఎడం చేతి మెలిక. వాడి కుర్రాళ్ళందరి చేతుల్లోనూ నా చెయ్యే ఉంది. రిపోర్టు మాత్రం వాడికి వచ్చింది.

ఇంకొకటి. నా సెక్షన్ కుర్రాళ్ళు సాయంత్రం పూట వాడి గోతి దగ్గరికి వెళ్ళడం మొదలెట్టారు. నేర్చుకోవడానికట. నవ్వులు వినపడేవి. నా గోతి దగ్గర ఎవరూ అలా నవ్వలేదు ఎప్పుడూ. నవ్వు విని రేడియో గట్టిగా పెట్టేవాణ్ణి.

ఆదివారాల్లో ట్రక్కు దగ్గరలో ఉన్న చిన్న టౌనుకి తీసుకెళ్ళేది. అక్కడ ఒక ఎస్‌టీడీ బూతు. వరసలో నిలబడి ఇంటికి చేశాను. సరోజ ఆ నెల పుట్టింట్లోనే ఉంది. గొంతులో హుషారు.

"ఏటండీ, దిగులు పడిపోతన్నారా? ఏటీ అక్కర్లేదు. అంతా సర్దేసేం ఇక్కడ."

"ఏటి సర్దేసేరు?"

"రిపోర్టుల సంగతి రత్నం కరుణకి ఫోన్లో సెప్పేడు. అమ్మ రత్నంతో మాటాడింది. కరుణ కూడా సెప్పింది. పెద్దోడుండగా సిన్నోడు పైకెక్కితే ఏటి మరియాద అని. రత్నం ఒప్పేసుకున్నాడు. నాకొద్దని రాసిచ్చేత్తానన్నాడు. ఇంక మీదే గదా!"

ఫోను అత్త లాక్కుంది.

"బాబూ, నువ్వేటీ బెంగెట్టుకోకు. ఒకడు జరిగితే ఒకడు కూకుంటాడు. అంతే గదా."

ఆ బూతులో ఫ్యాను లేదు. చెమట చెవిలోంచి ఫోనులోకి కారుతోంది. మా అత్తకి ఎలా చెప్పను? ప్రమోషన్ వద్దని రాసిచ్చే కాగితం ఒకటి సైన్యంలో ఉన్న మాట నిజమే. కానీ రత్నం వద్దంటే అది నా దగ్గరికి రాదు. హై యావరేజ్ వాడి దగ్గరికి ఏ దారినా రాదు. మా ఇద్దర్నీ దాటి ఇంకో కంపెనీలో ఉన్న మూడోవాడికి పోతుంది. ఇంట్లో వాళ్ళంతా కలిసి స్టార్‌ని తీసి, మాకు ముక్కూ మొహం తెలియని వాడి భుజం మీద పెట్టబోతున్నారు.

"సరే అత్తా" అని పెట్టేశాను.

సరే అన్నాను. దాచుకోవడానికేమీ లేదు. ట్రక్కులో తిరిగొస్తూ లెక్కలు వేసుకున్నాను. నాకు రాదు. వాడికీ రాదు. ఇద్దరం హవల్దార్లం. అనకాపల్లిలో ఎవరూ ఎవర్నీ సాబ్ అనక్కర్లేదు. గోడ వైపు పీట నాదే. నేనేం చెయ్యక్కర్లేదు, ఊరికే నోరు మూసుకుంటే చాలు. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం నాకు ఆకలేసింది. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

రెండో రొట్టె చివరి ముక్క దగ్గర తట్టింది. ఇది ఇక్కడితో ఆగదు. కరుణ ఊరుకోదు, అత్త ఊరుకోదు. స్త్రీల కూడికలో చెబుతారు, సాక్ష్యం చెబుతారు. అన్న కోసం తమ్ముడు స్టార్ వదిలేశాడు. పాస్టరుగారు ప్రసంగంలో పెడతారు. బెల్లం మార్కెట్లో కలాసీలు చెప్పుకుంటారు. ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో నన్ను చూసి, ఆ పక్కనున్న వాణ్ణి చూసి, తల ఊపుతారు. స్టార్ ఉన్న రత్నాన్ని ఎలాగో ఓర్చుకోవచ్చు. స్టార్ వదిలేసిన రత్నాన్ని నేను బతికుండగా ఓర్చుకోలేను.

పొద్దున్నే లైన్ చెకింగ్ అని చెప్పి వాడి పోస్టుకి నడిచాను. గోతి బయట అద్దం ఇసుక బస్తాకి ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. పక్కన స్టవ్ మీద టీ మరుగుతోంది.

"ఏటన్నయ్యా, ఇంత పొద్దున్నే?"

"రాసిచ్చేసేవా?"

వాడికి అర్థమైంది. సబ్బు మొహంతోనే నిలబడ్డాడు.

"రాసేను. ఇంకా ఇవ్వలేదు. హెడ్ క్లర్కు ఇయ్యాల సాయంత్రం రమ్మన్నాడు."

"నువ్వు తప్పుకుంటే నాకొత్తాదనుకుంటన్నావా?"

"రాదు. తెలుసు నాకు."

"తెలిసే రాసేవా?"

"నీకు రాదు. నాకూ రాపోతే ఇంట్లో గొడవుండదు గదా అన్నయ్యా. కరుణ ఏడుత్తంది. వొదిన మాటాడ్డం మానేసిందంట దాంతోటి. నువ్వా, నా మొగం సూడవు. ఈ ఒక్క సుక్క కోసం ఇదంతా ఎందుకు?"

నేను రొట్టె తింటూ వేసుకున్న లెక్కే అది. అంకెలు కూడా అవే. నేను వేస్తే కుళ్ళులా ఉంది, వాడి నోట్లోంచి వస్తే మంచితనంలా ఉంది. అప్పుడు వాడి మీద పుట్టిన కోపం ముందెప్పుడూ పుట్టలేదు.

"ఆ కాయితం ఇలా తే."

"అన్నయ్యా..."

"తే అంటన్నానా!"

జేబులోంచి తీశాడు. స్టవ్ మంటలో పెట్టాను. టీ గిన్నె కింద నుంచి మసి లేచింది.

"ఇనురా. నువ్వు సుక్క ఎట్టుకుంటే నన్ను నాలుగు రోజులు అడుగుతారు, నీకెందుకు రాలేదూ అని. నువ్వొదిలేత్తే నన్ను సచ్చేదాకా అడుగుతారు. నీ దానం కింద నేను బతకలేను. నీకు సాబ్ అనమంటే అంటాను. నీ దయ మాత్రం నాకొద్దు."

"కోపం ఎట్టుకోకన్నయ్యా."

"కోపం కాదురా. కుళ్ళు. కోపమైతే తగ్గేది."

వాడు నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడో, కళ్ళలో సబ్బు పడిందో నాకు తెలీదు. టీ రెండు గ్లాసుల్లో పోశాడు. మసి వాసన. ఇద్దరం తాగాం. ఆ తర్వాతి ఆదివారం అత్తకి ఫోను చేసి చెప్పాను, "అది పీట కాదత్తా, ఒకడు జరిగితే ఒకడు కూకోడానికి. రత్నానికే వత్తాది, రానియ్యండి" అని. అత్త, "మరి ప్రార్థన సేసేం గదా బాబూ" అంది, దేవుడు చిరునామా తప్పాడన్నట్టు.

అక్టోబరులో వెనక్కి వెళ్ళమని ఆర్డరు వచ్చింది. వేసిన వైరంతా చుట్టుకుని తీసుకెళ్ళాలి. పది నెలల పని, మళ్ళీ డ్రమ్ముల్లోకి. ఆ హడావుడిలోనే రత్నానికి స్టార్ వచ్చింది. ముళ్ళచెట్టు దగ్గర ఫాలిన్, అందరం వరసల్లో నిలబడ్డాం. ఒక భుజానికి యూనిట్‌కి పెద్ద సీవో సాబ్, రెండో భుజానికి సుబేదార్ మేజర్ పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నావి మిగతావాళ్ళ కంటే గట్టిగా వినిపించాలని కొట్టాను, ఎవరైనా చూస్తున్నారేమోనని.

మర్నాడు ఆఖరి లైన్ విప్పే ముందు టెస్ట్ చేశాను. అవతల వాడే ఉన్నాడు.

"లైన్ క్లియర్, సాబ్."

గాలి హోరు ఒక్కటే.

"అన్నయ్యా, నువ్వు అలా..."

"లైన్ మీద తెలుగు వద్దు, సాబ్. ఆర్డరు."

అని తీగ తెంపాను. ఆ మాట అన్నందుకు ఆ పూటంతా హాయిగా ఉంది.

సెలవు ఇద్దరికీ ఒకేసారి ఇచ్చారు. మూడు రైళ్ళు మారి అనకాపల్లిలో దిగేసరికి పొద్దున్న పదకొండు. నా ట్రంకు వాడు ఎత్తబోతే, "సాబ్‌లు సామాన్లు మొయ్యకూడదు" అన్నాను. వాడు వినకుండా ఎత్తుకున్నాడు. మామ ఆటో తీసుకుని వచ్చాడు. స్టేషను బయట ముందు ఎవర్ని పలకరించాలో తెలియక ఇద్దరి మధ్యా ఉన్న గాలిని చూసి, "వచ్చేరా" అన్నాడు. మార్కెట్ పక్క నుంచి ఆటో పోతుంటే కొత్త బెల్లం వాసన. పది నెలలు ఇసుక పీల్చిన ముక్కుకి అది ఘాటుగా తగిలింది.

ఇంటికి వెళ్ళగానే కరుణ ఫొటో తీయించాలని పట్టుబట్టి రత్నం చేత యూనిఫారం వేయించింది. స్టార్లు రుద్ది మెరిపించింది. పక్కింటివాళ్ళు, సంఘం వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. "సుబేదారుగారు, సుబేదారుగారు" అని ఒకటే పిలుపు. ఒకావిడ నన్ను చూసి, "మరి మీరు?" అంది. సరోజ లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలితో మాట్లాడుతోంది గానీ మొహం చూసి కాదు. నేను గోడకి ఆనుకుని, ఆ ఇంట్లో గోడలకి సున్నం ఎప్పుడేశారో లెక్కపెడుతున్నాను.

భోజనాల వేళయింది. అత్త పీటలు వేసింది. రోజూ వేసే చోటే, అయితే ఎప్పుడూ లేనిది, చేతిలో పీట పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. మొదటిది గోడ వైపు పెట్టింది. మళ్ళీ తీసింది. చివరికి రెండూ పక్కపక్కనే, ఏది ఎవరిదో చెప్పకుండా పెట్టి, నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. నేను చేతులు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళాను.

ఒకసారి సబ్బు రాశాను. కడిగాను. మళ్ళీ రాశాను. లోపల వాడు ఈపాటికి కూర్చుని ఉంటాడు. కూర్చోనీ. సుబేదారు. యూనిఫారంలో ఉన్నాడు. ఊరంతా చూసింది. గోడ వైపు కూర్చుంటాడు, మామ కళ్ళు మూసుకుంటాడు, ప్రార్థన అయిపోతుంది, నేను వెళ్ళేసరికి వాళ్ళు ముద్ద కలుపుతూ ఉంటారు. మూడోసారి సబ్బు రాశాను. గోళ్ళలో రాజస్థాన్ ఇసుక ఏమీ మిగల్లేదు. అయినా తోముతున్నాను.

లోపలికి వచ్చాను. కంచాల్లో అన్నం పెట్టేసి ఉంది, ఆవిరి పోయింది. మామ తన పీట మీద తల వంచుకుని ఉన్నాడు. రత్నం నిలబడి ఉన్నాడు. తన పీట వెనక, గోడకి దూరంగా ఉన్న పీట వెనక. కుడి చెయ్యి కడుక్కుని ఎత్తి పట్టుకున్నాడు, వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి కింద చిన్న మడుగు అయింది. అంటే చాలాసేపటి నుంచి అలాగే ఉన్నాడన్నమాట. కిటికీలోంచి వెలుతురు స్టార్ మీద పడుతోంది.

"రా అన్నయ్యా. ఆకలేత్తంది" అన్నాడు.

ఎవరూ చెప్పి నిలబెట్టింది కాదు. మొహంలో విసుగు లేదు, గొప్ప లేదు. ఆకలి ఒక్కటే ఉంది. నేను వెంటనే కూర్చోలేదు. తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాను. పదివేళ్ళూ. ఒక నాయబ్ సుబేదారు ఒక హవల్దారు కోసం అన్నం ముందు నిలబడి చూస్తున్నాడు, మా మామ చూస్తున్నాడు, తలుపు పక్కనుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళూ చూస్తున్నారు. అప్పుడు కూర్చున్నాను. అప్పుడు వాడు కూర్చున్నాడు. మామ ప్రార్థన మొదలెట్టాడు.

మరుసటి ఏడాది హవల్దారుగానే ఇంటికొచ్చాను. ఎడారి చాలావరకు మర్చిపోయాను. మేజర్ సాబ్ మొహం కూడా సరిగ్గా గుర్తు రాదు. ఆ నిలబడ్డ మనిషి మాత్రం పోడు. చేతులు కడుక్కున్న ప్రతిసారీ వస్తాడు, వేళ్ళ నుంచి నీళ్ళు కారుతూ, ఆకలేసిన మొహంతో. రిపోర్టుకి కాదు, స్టార్‌కీ కాదు, ఇప్పటికీ వాడి మీద నాకున్న కుళ్ళంతా ఆ నిలబడటానికే.

వాడి స్థానంలో నేనుండి, ఆ స్టార్ నా భుజం మీద ఉంటే, నేను కూర్చునేవాణ్ణి.